ఎవరిని, ఏమని, ఎవరి ముందు?



2024 జూన్ 1 సాయంత్రం మీలో చాలామంది టీవీ ముందే కూర్చుని ఉంటారు. లోక్‌సభ ఎన్నికల ఆఖరి విడత పోలింగ్ అయిపోయింది. చట్టం పెట్టిన గడువు తీరిందో లేదో, ఎగ్జిట్ పోల్స్ వరదలా వచ్చిపడ్డాయి. ఎన్డీయేకు 350 సీట్లకు తక్కువ రావని చాలా సంస్థలు చెప్పాయి. కొన్నయితే 400 దాకా వెళ్లాయి. జూన్ 4న ఓట్లు లెక్కపెడితే తేలినవి 293. ఇరవై ఏళ్ల కిందట, 2004లోనూ ఇలాంటిదే జరిగింది. వాజపేయి ప్రభుత్వమే మళ్లీ వస్తుందన్నారు. కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138 వచ్చి ప్రభుత్వం మారిపోయింది.

అలా జరిగినప్పుడల్లా మనం "ఈ సర్వేలన్నీ బోగస్" అని తేల్చేస్తాం. మళ్లీ ఎన్నికలొస్తే మళ్లీ అదే టీవీ ముందు కూర్చుంటాం.

కానీ ఎన్నికల జోస్యం అనేది ప్రజాభిప్రాయ పరిశోధనలో ఒక మూల మాత్రమే. జనం పొరుగువాణ్ణి ఎంత నమ్ముతున్నారు, కోర్టునూ పోలీసునూ ఎంత నమ్ముతున్నారు, తిండికీ మందులకూ ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డారు, పిల్లల పెళ్లిళ్ల గురించి ఏమనుకుంటున్నారు, ఇలాంటివన్నీ దేశదేశాల్లో ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లు ఉన్నారు. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్లకే, 1948లో, యునెస్కో తొమ్మిది దేశాల్లో ఒకే ప్రశ్నావళితో జనాన్ని పలకరించింది. ఒక దేశం వాళ్లు ఇంకో దేశం వాళ్లను ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలన్నది ఉద్దేశం. యూరప్‌లో 1970ల నుంచి యూరోబారోమీటర్ నడుస్తోంది. రోనాల్డ్ ఇంగల్‌హార్ట్ అనే అమెరికన్ ఆచార్యుడు ముందుండి నడిపించిన వరల్డ్ వాల్యూస్ సర్వే 1981లో మొదలై, విడతలవారీగా వందకు పైగా దేశాలు తిరిగింది. లాటిన్ అమెరికాలో 1995 నుంచి లాటినోబారోమెట్రో, ఆఫ్రికాలో 1999 నుంచి ఆఫ్రోబారోమీటర్ పనిచేస్తున్నాయి. మన దేశంలో ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థ 1960ల నుంచే ఈ పని చేస్తోంది. దాని లోక్‌నీతి విభాగం పేరు మీరు పత్రికల్లో చూసే ఉంటారు.

వీటిలో వేటిని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి? దానికి గణితం పెద్దగా అక్కర్లేదు. మూడు సంగతులు ఆరా తీస్తే చాలు. ఎవరిని అడిగారు? ఏమని అడిగారు? ఎవరి ముందు అడిగారు? ఈ మూడూ చెప్పని సర్వే ఎంత అందమైన అంకె చూపించినా పక్కన పెట్టేయవచ్చు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఎవరిని అడిగారు.

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఉండేది. అంతకుముందు ఎన్నికల ఫలితాలు సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకున్న పత్రిక. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికకు ఏకంగా కోటి కార్డులు పోస్టులో పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి.  లెక్కపెట్టి, రిపబ్లికన్ అభ్యర్థి ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. రెండేళ్లలో ఆ పత్రికే మూతపడింది.

తప్పు ఎక్కడ జరిగింది? కార్డులు పంపడానికి చిరునామాలు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల జాబితాల నుంచి తీసుకున్నారు. మహా మాంద్యం రోజులవి. ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరు, లేనివాళ్లెవరు? రూజ్‌వెల్ట్‌కు ఓటేసే పేద జనం ఆ జాబితాల్లో అంతగా లేరు. దానికి తోడు, ఆయన మీద కోపంగా ఉన్నవాళ్లే ఓపిగ్గా కార్డు నింపి తిప్పి పంపారు. అదే సమయంలో జార్జ్ గ్యాలప్ అనే యువకుడు దాదాపు 50 వేల మందిని అడిగి రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు. అంతేనా, డైజెస్ట్ తన లెక్క మొదలుపెట్టకముందే, వాళ్లకు ఎలాంటి ఫలితం వస్తుందో కూడా ముందే చెప్పేశాడు. వాళ్ల జాబితాలు ఎలాంటివో ఆయనకు తెలుసు కాబట్టి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలునంటారు మన పెద్దలు. గిన్నె అంతా ఒకే మంట మీద ఉంది కాబట్టి అది చెల్లింది. సమాజం అలా ఉడకదు. ఒక పక్క మాడుతుంటుంది, ఇంకో పక్క పలుకుగా ఉంటుంది. అందుకే ఒక మూల నుంచి లక్ష మెతుకులు తీసినా లాభం లేదు, అన్ని మూలల నుంచీ వెయ్యి తీస్తే చాలు. ఎవరికి వంతు వస్తుందో అడిగేవాడి ఇష్టానికి వదలకుండా లాటరీకి వదిలేస్తే, వెయ్యి మంది జవాబుకు అటూ ఇటూ మూడు శాతం తేడా వస్తుంది. వందలో తొంభై అయిదు సార్లు ఆ హద్దులోనే ఉంటుంది. దేశం చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క మారదు. ఆఫ్రోబారోమీటర్ ఒక్కో దేశంలో 1,200 మందిని గానీ 2,400 మందిని గానీ మాత్రమే అడిగేది అందుకే.

గ్యాలప్‌కు కూడా ఈ పాఠం పూర్తిగా వంటబట్టడానికి ఇంకో దెబ్బ తగలాల్సి వచ్చింది. 1948లో ఆయన సంస్థ, ఇంకా పేరున్న సంస్థలన్నీ, అధ్యక్షుడు ట్రూమన్ ఎన్నికల్లో ఓడిపోతాడన్నాయి. చికాగో ట్రిబ్యూన్ పత్రిక ఫలితం రాకముందే ట్రూమన్ ఓడిపోయినట్టు పతాక శీర్షిక అచ్చేసింది. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను ఎత్తి చూపిస్తూ నవ్విన ఫోటో నేటికీ ప్రసిద్ధం. అప్పటి పద్ధతి ఏమిటంటే, ఇంతమంది మగవాళ్లను, ఇంతమంది ఆడవాళ్లను, ఫలానా వయసువాళ్లను అడిగి రమ్మని మనుషులకు లెక్క అప్పగించేవారు. ఆ లెక్క లోపల ఎవరిని ఎంచుకోవాలన్నది వాళ్ల ఇష్టం. మనిషి సహజంగా ఏం చేస్తాడు? శుభ్రంగా కనిపించే వీధిలోకి వెళ్తాడు. కుక్క లేని ఇల్లు చూసుకుంటాడు. పలకరిస్తే నవ్వేవాళ్లను అడుగుతాడు. దానికి తోడు పోలింగ్‌కు చాలా ముందే అడగడం ఆపేశారు, చివరి రోజుల్లో మారిన మనసులు లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు మంచి సర్వేలో ఆ స్వేచ్ఛ ఉండదు. లోక్‌నీతి వాళ్లయితే ఓటర్ల జాబితాలోంచి లెక్క ప్రకారం పేర్లు తీసి, ఆ పేరున్న మనిషినే వెతుక్కుంటూ వెళ్తారు. ఆఫ్రోబారోమీటర్‌లో ఒక చోట మొదలుపెట్టి ఇన్ని ఇళ్లు వదిలి తర్వాతి ఇల్లు అని నడుస్తారు. ఒక ఇంట్లో మగమనిషిని అడిగితే తర్వాతి ఇంట్లో ఆడమనిషిని అడగాలి. ఇంట్లో అలాంటివాళ్లు నలుగురుంటే చీటీ తీసి ఒకరిని ఎంచుకోవాలి. ఆ మనిషి పొలానికో కూలికో పోతే మళ్లీ రావాలి. "ఆవిడకేం తెలుసండీ, నన్నడగండి" అని ఇంటి యజమాని కుర్చీ వేసుకుని కూర్చున్నా, చీటీలో వచ్చిన కోడలినే అడగాలి. ఊరి అరుగు మీద ఎప్పుడూ ఎవరూ అడగని ఆ కోడలి మాటకూ, ఊరి పెద్ద మాటకూ ఒకే విలువ పడేది ఇక్కడే. నా దృష్టిలో ఈ శాస్త్రం సాధించిన గొప్ప పని ఇదే.

దీనికి కొత్త చిక్కొకటి వచ్చిపడింది. జనం తలుపు తీయడం లేదు, ఫోను ఎత్తడం లేదు. అమెరికాలో ప్యూ రిసెర్చ్ సెంటర్ ఫోన్ సర్వేలకు 1997లో నూటికి 36 మంది పలికేవారు. 2018 నాటికి ఆ సంఖ్య ఆరుకు పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి చాలా సంస్థలు ఇంటర్నెట్‌లో ఇష్టమైనవాళ్లు వచ్చి జవాబులిచ్చే చవక సర్వేల మీద పడ్డాయి. అలాంటి సర్వేలో ప్యూ వాళ్లే 2022లో ఒక తమాషా ప్రశ్న పెట్టారు. మీకు అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు ఉందా అని. ముప్పై ఏళ్ల లోపువాళ్లలో నూటికి 12 మంది ఉందన్నారు! దేశం మొత్తం మీద ఆ లైసెన్సు ఉన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. ప్రశ్న చదవకుండా, ఇచ్చే నాలుగు డబ్బుల కోసం అన్నిటికీ అవునని నొక్కుకుంటూ పోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో దాంతో బయటపడింది. యువతరం గురించి వింత అంకె ఏదైనా మీ ఫోనులోకి వస్తే ఈ జలాంతర్గామిని గుర్తు తెచ్చుకోండి.

రెండోది, ఏమని అడిగారు.

1948లోనే అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ప్రచ్ఛన్న యుద్ధం మొదలైన రోజులు. ఇతర దేశాల నుంచి కమ్యూనిస్టు విలేకరులు అమెరికాకు వచ్చి వార్తలు రాసుకోవచ్చా అని అడిగితే నూటికి 36 మంది సరేనన్నారు. ఇంకొంతమందికి ఇదే ప్రశ్నను రెండోదిగా పెట్టారు. ముందు, అమెరికా విలేకరులను రష్యా రానివ్వాలా అని అడిగారు. రానివ్వాల్సిందేనని జనం అన్నారు. ఆ తర్వాత కమ్యూనిస్టు విలేకరుల సంగతి అడిగితే, 36 కాస్తా 73 అయింది. దేశం అదే, ప్రశ్నలోని మాటలు అవే, మారింది వరస ఒక్కటే. మన వాళ్లకు ఒక న్యాయం, ఎదుటివాళ్లకు ఒక న్యాయమా అన్న సంకోచం మధ్యలో దూరింది. ఇందులో ఏది అసలు అభిప్రాయం అంటే, రెండూ అసలువే. మనిషి మనసులో రెండూ ఉన్నాయి. ఏ తలుపు తడితే అది పలికింది.

మన దేశంలోనూ దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2019 చివర్లో, 2020 మొదట్లో ప్యూ సంస్థ మన దేశంలో మతం గురించి దాదాపు 30 వేల మందిని ఇళ్లకు వెళ్లి, 17 భాషల్లో అడిగింది. నిజమైన భారతీయుడంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమని నూటికి 84 మంది అన్నారు. ఒక్క ఆ ప్రశ్నతో ఆగిపోతే, చూశారా మన సామరస్యం అని రాసుకోవచ్చు. కానీ ఇంకో ప్రశ్న ఉంది. మన మతం ఆడపిల్లలు వేరే మతంలో పెళ్లి చేసుకోకుండా ఆపడం ఎంత ముఖ్యం? హిందువుల్లో నూటికి 67 మంది, ముస్లింలలో 80 మంది చాలా ముఖ్యమన్నారు. ఇది చూసినవాళ్లు, చూశారా మన సంకుచితత్వం అని రాసుకోవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే బొమ్మ తేలుతుంది. పొరుగు మతాన్ని గౌరవిస్తాం, పొరుగునే ఉంచుతాం. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు చెప్పినవాళ్లకు అనిపించకపోవచ్చు, మన వీధుల్లో బతికినవాళ్లకు అది తెలిసిన సంగతే. ఒకే ప్రశ్నతో ఒక సమాజాన్ని తీర్పు చెప్పే వార్త ఎక్కడ కనిపించినా, రెండో ప్రశ్న ఏమైందని అడగండి.

దేశాలను పోల్చేటప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. లోకంలో చాలామందిని నమ్మవచ్చా, లేక మనుషులతో జాగ్రత్తగా మసలుకోవాలా అని వరల్డ్ వాల్యూస్ సర్వే అడుగుతూ వస్తోంది. నార్వేలో పదిమందిలో ఏడుగురి దాకా నమ్మవచ్చంటారు. బ్రెజిల్‌లో, కొలంబియాలో పదిమందిలో ఒక్కరు కూడా అనరు. చైనా అంకె నార్వేకు దగ్గర్లోనే ఉంటుంది. పరిశోధకులకు అనుమానం వచ్చింది. మొదటిసారి కలిసినవాళ్లను నమ్ముతారా, వేరే మతంవాళ్లను నమ్ముతారా, వేరే దేశంవాళ్లను నమ్ముతారా అని విడివిడిగా అడిగిన జవాబులతో సరిపోల్చి చూశారు. చైనాలో చాలామంది అనగానే జవాబు చెప్పేవారికి మెదిలేది ఎక్కువగా తెలిసినవాళ్ల ముఖాలే అని తేలింది. తెలియనివాళ్ల సంగతి వచ్చేసరికి ఆ నమ్మకం బాగా తగ్గిపోయింది.

దీన్ని సరిదిద్దడానికి హార్వర్డ్ ఆచార్యుడు గ్యారీ కింగ్, ఆయన సహచరులు వేసిన ఎత్తు నాకు ఎంతో ఇష్టం. 2004లో ప్రచురించారు. ప్రభుత్వం చేసే పనుల్లో నీ మాటకు ఎంత విలువుంది అని చైనాలోనూ మెక్సికోలోనూ అడిగారు. మా మాట చెల్లుతుందని మెక్సికన్ల కంటే చైనీయులే ఎక్కువగా చెప్పారు. అప్పటికి మెక్సికోలో 71 ఏళ్లు ఏలిన పార్టీని జనం 2000లో ఓటుతో దించేశారు. చైనాలో అలాంటి ఓటే లేదు. మరి ఈ జవాబేమిటి?

వాళ్లు ఏం చేశారంటే, అదే మనుషులకు కొన్ని చిన్న కథలు చెప్పారు. ఒకామెకు తాగునీరు లేదు, ఇరుగుపొరుగుతో కలిసి ప్రతిపక్ష అభ్యర్థిని గెలిపించే పనిలో ఉంది. ఇంకొకాయనకూ తాగునీరు లేదు, ఆయనకు ఓటు లేదు, తన గోడు ప్రభుత్వంలో ఎవరికీ పట్టదనుకుని మౌనంగా భరిస్తున్నాడు. వీళ్ల మాటకు ఎంత విలువుందంటారు అని అడిగి, ఆ కొలతల పక్కన మనిషి తనకు తాను వేసుకున్న కొలత పెట్టారు. చైనాలో నూటికి నలభై మందికి పైగా, ఆ మౌనంగా భరించే మనిషి కంటే కూడా తమను కింద పెట్టుకున్నట్టు తేలింది. పోలిక తలకిందులైంది. చైనీయులు అబద్ధం చెప్పలేదు. ఎంత దక్కితే చాలా దక్కిందనుకోవాలో వాళ్ల కొలబద్ద వేరు, అంతే. ఈ దేశం జనం ఆ దేశం కంటే సంతోషంగా ఉన్నారు, తృప్తిగా ఉన్నారు అనే జాబితాలు ఏటా వస్తుంటాయి కదా. వాటిని చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

మూడోది, ఎవరి ముందు అడిగారు.

ఆఫ్రోబారోమీటర్ ప్రశ్నావళిలో చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది. మమ్మల్ని ఇక్కడికి ఎవరు పంపారని మీరనుకుంటున్నారు? ఇది స్వతంత్ర పరిశోధన అని మొదటే చెప్పి ఉంటారు. అయినా చాలామంది, ప్రభుత్వమే పంపి ఉంటుందంటారు. మన దగ్గరా అంతే కదా. కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా రేషన్ కార్డు కోసమో ఇళ్ల పట్టా కోసమో వచ్చారనుకుంటాం. సర్కారు మనిషి అనుకుంటే మన జవాబు ఒకలా ఉంటుంది, కాలేజీ పిల్ల అనుకుంటే ఇంకోలా ఉంటుంది. ఆ తేడాను దాచకుండా, అదీ అడిగి లెక్కలో వేసుకోవడం నిజాయితీ. లోక్‌నీతి వాళ్లు ఓటు ఎవరికి వేశారని నోటితో చెప్పమనరు. గుర్తులున్న నమూనా బ్యాలట్ కాగితం చేతికిచ్చి, గుర్తు పెట్టి పెట్టెలో వేయమంటారు. చుట్టూ చేరిన జనానికీ, చివరికి అడిగినవాడికీ కూడా వెంటనే తెలియకుండా.

భయం రాజ్యమేలే చోట ఏం చేస్తారు? రష్యా సంగతి చూడండి. అక్కడ లెవాడా సెంటర్ అనే సంస్థ స్వతంత్రంగా సర్వేలు చేస్తూ వస్తోంది. 2016లో ప్రభుత్వం దానికి విదేశీ ఏజెంటు అని ముద్ర వేసింది. పుతిన్‌కు 80 శాతం పైగా మద్దతు అని సర్వేల్లో వస్తుంటే, జనం భయపడి చెబుతున్నారేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. 2015 మొదట్లో కొందరు పరిశోధకులు దానికో ఉపాయం పన్నారు. సగం మందికి కొందరు నాయకుల పేర్ల జాబితా ఇచ్చారు. వీళ్లలో ఎంతమందిని మీరు సమర్థిస్తారో సంఖ్య చెప్పండి చాలు, ఎవరినో చెప్పొద్దు అన్నారు. మిగతా సగానికి అదే జాబితాలో పుతిన్ పేరు కూడా చేర్చి ఇచ్చారు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా ఎంతో అదే పుతిన్ మద్దతు. ఏ ఒక్కరు ఏం చెప్పారో ఎవరికీ తెలియదు. అలా చూసినా దాదాపు 80 శాతమే వచ్చింది. ఆ మద్దతంతా భయమే అనుకున్నవాళ్లకు అది మింగుడుపడలేదు. వేరే గొంతు టీవీలో వినిపించని చోట ఆ మద్దతుకు అర్థమేమిటన్నది వేరే చర్చ. కానీ మనకు నచ్చని జవాబు వచ్చినప్పుడు దాన్ని అచ్చేయగలిగితేనే అది పరిశోధన అవుతుంది.

ఇంత శ్రమపడి సాధించిందేమిటని మీరు అడగవచ్చు. మన దేశం సంగతే చెబుతాను. ప్రజాస్వామ్యంలో చదువుకున్నవాళ్లు, ఉన్నవాళ్లు ఎక్కువగా ఓటేస్తారని పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో రాసి ఉండేది. 1990ల నుంచి సీఎస్‌డీఎస్ చేసిన సర్వేలు, ఇక్కడ పేదలూ దళితులూ ఉన్నవాళ్లతో సమానంగా, కొన్నిసార్లు వాళ్లకంటే మిన్నగా పోలింగ్ బూత్‌కు వెళ్తున్నారని చూపించాయి. ఎన్నికల సంఘం లెక్కల్లో ఓటరు కులం గానీ ఆదాయం గానీ ఉండవు కాబట్టి, ఇంటికి వెళ్లి అడిగితే తప్ప తెలిసే సంగతి కాదిది. ఆఫ్రికాలో, గడిచిన ఏడాదిలో తిండికి, మంచినీటికి, మందులకు, వంటచెరకుకు, చేతి డబ్బుకు ఎన్నిసార్లు కటకటపడ్డారని అడుగుతూ జనమే చెప్పిన పేదరికాన్ని కొలుస్తున్నారు. తలసరి ఆదాయం పెరిగిందని మంత్రి చెప్పినప్పుడు, దాని పక్కన పెట్టి చూడటానికి ఒక అంకె ఉంటుంది.

హద్దులూ లేకపోలేదు. ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్డ్యూ 1973లో ప్రజాభిప్రాయమే లేదు పొమ్మన్నాడు. అంటే, ప్రతి విషయం మీదా ప్రతివాడికీ అభిప్రాయం ఉంటుందని సర్వే ముందే అనుకుంటుందనీ, ఏ ప్రశ్న అడగదగ్గదో డబ్బు పెట్టేవాడే నిర్ణయిస్తాడనీ ఆయన ఫిర్యాదు. ఇందులో నిజం ఉంది. ఎన్నికల ముందు ముఖ్యమంత్రిగా ఎవరు కావాలని వంద సర్వేలు అడుగుతాయి. మీ ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఉంటున్నాడా అని ఎన్ని అడుగుతున్నాయి? తెలియదు అనే జవాబుకు చోటివ్వని సర్వే, తెలియనివాళ్ల నోట్లో మాట పెడుతుంది. కాబట్టి అడిగిన ప్రశ్నలతో పాటు అడగని ప్రశ్నలనూ వెతకాలి. సర్వేకు డబ్బు ఎవరిచ్చారో చూడాలి.

ఇక చివరిగా ఒక లెక్క. మన దేశంలో 2024 నాటికి ఓటర్లు దాదాపు 97 కోట్లు. ఒక పెద్ద సర్వే 20 వేల మందిని ఎంచుకుందనుకోండి. అందులో ఒక్కొక్కరు 48 వేల మందికి పైగా ఓటర్ల బదులు మాట్లాడుతున్నట్టు. ఏదో ఒక రోజు ఆ చీటీ మీ ఇంటికి తగలవచ్చు. వచ్చినవాళ్లను నిలబెట్టి, ఏ సంస్థ, ఎవరి డబ్బు, నా పేరు ఎలా వచ్చింది, జవాబులు ఎవరు చూస్తారు అని అడగండి. ఆ హక్కు మీకుంది. జవాబు సరిగ్గా ఉంటే ఓ అరగంట కేటాయించండి. తెలియనిది తెలియదనండి, నచ్చనిది నచ్చలేదనండి. చీటీ మీ ఇంట్లో ఇంకొకరికి తగిలితే, వాళ్లను మాట్లాడనివ్వండి, పక్కన నిలబడి అందించకండి. పనులున్నవాళ్లూ, మొహమాటపడేవాళ్లూ, మనకెందుకులే అనుకునేవాళ్లూ తలుపులు వేసుకుంటే, తీరికా కోపమూ ఉన్నవాళ్ల మాటే దేశం మాటగా అచ్చవుతుంది. 1936లో ఆ పత్రికకు జరిగింది సగం అదే.